వాటా అదే, ఇల్లే మూడు ముక్కలు: మెజారిటీ పాలన వచ్చిన 30 ఏళ్లకు దక్షిణాఫ్రికా పార్టీలు ఎక్కడున్నాయి?

2024 మే 29న దక్షిణాఫ్రికా ఓటర్లు ఇచ్చిన తీర్పు ఆ దేశ చరిత్రలో ఒక మలుపు. నెల్సన్ మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, అందరూ పిలిచే పేరుతో ఏఎన్‌సీ, 30 ఏళ్లలో మొదటిసారి మెజారిటీ పోగొట్టుకుంది. 400 సీట్ల పార్లమెంటులో దానికి వచ్చినవి 159. ఓట్లలో 40.18 శాతం. జూన్ 14న సిరిల్ రామఫోసా మళ్లీ ప్రెసిడెంట్ అయ్యారు గానీ, సొంత బలంతో కాదు. నిన్నటిదాకా ఎదుటి బెంచీల మీద కూర్చుని తిట్టిపోసిన డెమోక్రటిక్ అలయన్స్ ఓట్లు కూడా ఆయనకు కావాల్సొచ్చాయి. చివరికి పది పార్టీలు కలిసి సర్కారు ఏర్పాటు చేశాయి. ఆ పదిలో అల్ జమాఅహ్ అనే చిన్న ముస్లిం పార్టీ కూడా ఉంది.

ఎక్కడో ఆఫ్రికా కొసన జరిగిన ఈ సంగతి మనకెందుకు అనుకోవద్దు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. ఆ తర్వాత 50 ఏళ్లలో లక్షన్నర మంది చెరకు తోటల కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఈ రోజుకీ నడుస్తోంది. వాళ్లతోపాటు గుజరాతీ ముస్లిం వ్యాపారులు వెళ్లారు. గాంధీ 1893లో అక్కడికి వెళ్లింది దాదా అబ్దుల్లా కంపెనీ దావా కోసమే. ఇక కేప్‌టౌన్ ముస్లింలది ఇంకా పాత చరిత్ర. ఇండోనేషియా దీవుల నుంచి బానిసలుగా, రాజకీయ ఖైదీలుగా తెచ్చిన వాళ్ల సంతానం వాళ్లు.

అసలు ప్రశ్న ఇది. కొద్దిమంది పాలన పోయి ఎక్కువమంది పాలన వచ్చినప్పుడు పార్టీలు ఏమవుతాయి? పాత యజమానుల పార్టీ ఎటు పోతుంది? ఆజాదీ తెచ్చిన పార్టీ ఎన్నాళ్లు నిలుస్తుంది? వందలో ఇద్దరు ముగ్గురుగా ఉన్న చిన్న కౌమ్‌లు ఎవరి పక్కన నిలబడాలి? వీటికి జవాబులు వెతకడానికి దక్షిణాఫ్రికా కంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెల్లవాళ్ల ఇంట్లో తెల్లవాళ్ల పార్టీలు

1994కు ముందు దక్షిణాఫ్రికాలో ఎన్నికలు లేవా? ఉన్నాయి. పార్టీలూ ఉన్నాయి, ప్రతిపక్షమూ ఉంది. అయితే అదంతా తెల్లవాళ్ల గడప లోపలి వ్యవహారం. 1948లో నేషనల్ పార్టీ, దాని మిత్రపక్షం 79 సీట్లతో గద్దెనెక్కాయి. తమాషా ఏమిటంటే ఓట్లు ఎక్కువ వచ్చింది వాళ్లకు కాదు, ఓడిపోయిన యునైటెడ్ పార్టీకి. నియోజకవర్గాల గీతలు నేషనల్ పార్టీకి కలిసొచ్చాయి. ఆ గీతల పుణ్యమా అని మొదలైన పాలన 46 ఏళ్లు సాగింది.

1983 నాటికి బయటి ఒత్తిడి, లోపలి తిరుగుబాటు రెండూ ముదిరాయి. అప్పుడు పీ డబ్ల్యూ బోతా హుకూమత్ ఒక ఉపాయం పన్నింది. పార్లమెంటును మూడు గదులు చేసింది. తెల్లవాళ్లకు ఒకటి, ‘కలర్డ్’ అని పిలిచే మిశ్రమ జాతుల వాళ్లకు ఒకటి, భారతీయులకు ఒకటి. నల్లవాళ్లకు మాత్రం ఏదీ లేదు. అంటే భారతీయులకు, కలర్డ్ ప్రజలకు అది చెప్పిన మాట ఇది: మీరు మా వైపు రండి, మీకో కుర్చీ వేస్తాం, నల్లవాళ్ల సంగతి మీకెందుకు?

ఆ కుర్చీని ఎక్కువమంది తన్నేశారు. 1984లో భారతీయుల సభకు ఎన్నికలు పెడితే పేర్లు నమోదైన వాళ్లలో ఐదో వంతు మాత్రమే ఓటేశారు. గాంధీ కాలంలో 1894లో పుట్టిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఊరూరా తిరిగి బహిష్కరించమని చెప్పింది. 1983 ఆగస్టులో కేప్‌టౌన్ దగ్గర మిచెల్స్ ప్లెయిన్‌లో యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ పుట్టింది కూడా ఈ మూడు గదుల మోసాన్ని ఎదిరించడానికే. మసీదులు, చర్చీలు, కార్మిక సంఘాలు, విద్యార్థులు అందులో ఒక్కటయ్యారు.

ఈ పోరాటంలో ముస్లింల వాటా వాళ్ల సంఖ్యకు మించినది. అహ్మద్ కత్రాడా మండేలాతో పాటు 1964లో యావజ్జీవ శిక్ష పడి 26 ఏళ్లు జైల్లో గడిపారు. డాక్టర్ యూసుఫ్ దాదూ 1947లోనే ఏఎన్‌సీతో కలిసి పనిచేసే ఒప్పందం మీద సంతకం పెట్టారు. కేప్‌టౌన్ ఇమామ్ అబ్దుల్లా హారూన్ 1969 సెప్టెంబర్‌లో పోలీసు కస్టడీలో చనిపోయారు. మెట్ల మీద నుంచి పడిపోయారని అప్పట్లో రాశారు. పోలీసుల చిత్రహింసల వల్లే చనిపోయారని కోర్టు తేల్చడానికి 2023 దాకా పట్టింది.

మొదటి ఎన్నిక: ఓటు కంటే భయం పెద్దది

1994 ఏప్రిల్ 26 నుంచి 29 దాకా పోలింగ్ జరిగింది. మైళ్ల పొడవు క్యూల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఏఎన్‌సీకి 62.65 శాతం ఓట్లు, 252 సీట్లు వచ్చాయి. నేషనల్ పార్టీకి 20.39 శాతం, 82 సీట్లు. జులూల ఇంకాథా పార్టీకి 10.54 శాతం, 43 సీట్లు.

ఇందులో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. నేషనల్ పార్టీకి ఓటేసింది తెల్లవాళ్లు మాత్రమే కాదు. కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఆ పార్టీ సగానికి పైగా ఓట్లతో గెలిచింది. అక్కడ గెలిపించింది కలర్డ్ ప్రజలు. భారతీయుల్లో కూడా ఎక్కువమంది మొగ్గింది ఆ పార్టీకే. పదేళ్ల కిందట మూడు గదుల పార్లమెంటును బహిష్కరించిన వాళ్లే, ఇళ్లలోంచి తరిమేసిన పార్టీకి ఓటేయడం ఏమిటి?

జవాబు కష్టమేమీ కాదు. ఉద్యమంలో ఉన్నప్పుడు మనిషి న్యాయం గురించి ఆలోచిస్తాడు. ఓటేసేటప్పుడు దుకాణం, ఉద్యోగం, పిల్లల కాలేజీ సీటు గురించి ఆలోచిస్తాడు. పెద్ద సంఖ్య ఉన్న వాళ్లు రాజ్యానికి వస్తే మా గతేంటి అన్న గుబులు చిన్న కౌమ్‌లలో గట్టిగా పనిచేసింది. నేషనల్ పార్టీ ఆ గుబులునే ప్రచారం చేసింది. మెజారిటీ పాలన మొదటి రోజుల్లో పార్టీలు సిద్ధాంతాల మీద కాదు, ‘మనవాళ్లు, వాళ్లు’ అన్న లెక్క మీద నిలబడతాయి. ఎన్నిక కాస్తా జనాభా లెక్కల్లా మారుతుంది.

ఆ భయాన్ని తగ్గించడానికి రాజ్యాంగంలోనే ఒక ఏర్పాటు చేశారు. 20 సీట్లు వచ్చిన ప్రతి పార్టీకీ మంత్రివర్గంలో చోటు, 80 సీట్లు వస్తే డిప్యూటీ ప్రెసిడెంట్ పదవి. అలా మండేలా కింద ఒక పక్క థాబో ఎంబెకీ, ఇంకో పక్క మాజీ తెల్ల అధ్యక్షుడు డి క్లర్క్ కూర్చున్నారు. న్యాయశాఖ డుల్లా ఉమర్ అనే ముస్లిం లాయరు చేతికి వచ్చింది.

యజమాని పార్టీ కరిగిపోయిన తీరు

నేషనల్ పార్టీ సర్కారులో రెండేళ్లే ఉంది. 1996లో బయటికొచ్చి, గట్టి ప్రతిపక్షం అవుతామంది. కానీ జరిగింది వేరు. 46 ఏళ్లు అధికారమే ఊపిరిగా బతికిన పార్టీకి అధికారం లేకపోతే చెప్పుకోవడానికి ఒక్క మాట మిగల్లేదు. పేరుకు ముందు ‘న్యూ’ అని తగిలించుకుంది. 1999లో 6.87 శాతానికి పడింది. 2000లో డెమోక్రటిక్ పార్టీతో కలిసి డెమోక్రటిక్ అలయన్స్ పెట్టింది. 2001లో విడిపోయి, ఏకంగా ఏఎన్‌సీ చెయ్యి పట్టుకుంది. 2004లో దానికి మిగిలింది 1.65 శాతం. 2005లో దుకాణం మూసేసింది. దాని ఆఖరి నాయకుడు మార్టినస్ వాన్ స్కల్క్‌విక్ ఏఎన్‌సీ సర్కారులో మంత్రి అయ్యారు. మండేలాను 27 ఏళ్లు జైల్లో పెట్టిన పార్టీ నాయకుడు, మండేలా పార్టీ సభ్యత్వ కార్డు పుచ్చుకున్నాడన్నమాట.

ఇందులో గోడ దూకుడు కూడా పనిచేసింది. అక్కడ 2002 నుంచి కొన్నేళ్లు సభ్యులు సీటు పోకుండానే పార్టీ మారే చట్టం ఉండేది. దాని పుణ్యాన ఒక్క ఓటరునూ అడక్కుండానే 2003లో ఏఎన్‌సీ బలం 266 నుంచి 275కి పెరిగింది. మనకు ఈ ఆట కొత్త కాదు. వాళ్లు మాత్రం 2009లో ఆ చట్టాన్నే ఎత్తేశారు.

నేషనల్ పార్టీ ఖాళీ చేసిన చోట డెమోక్రటిక్ అలయన్స్, అంటే డీఏ, పెరిగింది. తెల్లవాళ్లు, కలర్డ్ ప్రజలు, భారతీయులు దాని వైపు చేరారు. 1999లో 9.56 శాతం నుంచి 2014లో 22.23 శాతానికి ఎగబాకింది. ఇక రాబోయే సర్కారు దానిదే అని చాలామంది అన్నారు. నల్లజాతి యువకుడు ముసీ మైమానేను 2015లో నాయకుణ్ణి చేసింది. 2019లో ఓట్లు తగ్గగానే ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2024లో ఆ పార్టీ వాటా 21.81 శాతం. అంటే ఏఎన్‌సీ పదేళ్లలో 22 శాతం ఓట్లు పోగొట్టుకుంటే, అందులో ప్రధాన ప్రతిపక్షానికి చిల్లిగవ్వ కూడా దక్కలేదు.

మరి ఆ ఓట్లు ఎటు పోయాయి?

ఇంటి కొడుకులే వేరు కాపురాలు

ఈ 30 ఏళ్ల కథలో అసలు కీలకం ఇక్కడుంది. ఏఎన్‌సీని ఓడించింది బయటి ప్రతిపక్షం కాదు, దాని కడుపున పుట్టిన పార్టీలే.

మొదటి చీలిక 2008లో. పార్టీ లోపలి పోరులో జేకబ్ జుమా 2007 చివర ఎంబెకీని ఓడించి పార్టీ పగ్గాలు పట్టారు. మరుసటి ఏడాది ఎంబెకీని ప్రెసిడెంట్ పదవి నుంచి దింపేశారు. ఎంబెకీ మనుషులు కోప్ అనే పార్టీ పెట్టి 2009లో 7.42 శాతం తెచ్చుకున్నారు. తర్వాత తమలో తామే కొట్టుకుని కనుమరుగయ్యారు.

రెండోది 2013లో. ఏఎన్‌సీ యువజన విభాగం నాయకుడు జూలియస్ మలేమాను 2012లో పార్టీ వెలేసింది. ఆయన ఎర్ర టోపీలు పెట్టించి ఈఎఫ్‌ఎఫ్ మొదలెట్టారు. భూమిని పరిహారం లేకుండా తీసుకోవాలి, గనులు జాతీయం చేయాలి అన్నారు. ఏఎన్‌సీ 1994లో ఇచ్చిన మాటలు తప్పిందన్నదే ఆయన వాదన మొత్తం. 2014లో 6.35 శాతం, 2019లో 10.80 శాతం.

మూడోది అన్నిటికంటే పెద్ద దెబ్బ. అవినీతి ఆరోపణలతో 2018లో గద్దె దిగిన జుమా, 2023 డిసెంబర్ 16న ఎంకే అనే కొత్త పార్టీ వెంట నిలిచారు. ఆ తేదీ, ఆ పేరు రెండూ యాదృచ్ఛికం కాదు. ఏఎన్‌సీ సాయుధ దళం పేరు అదే, అది మొదలైంది 1961లో అదే రోజున. అంటే తండ్రి పేరే పెట్టుకుని కొడుకు ఎదురుగా దుకాణం తెరిచాడు. ఆరు నెలలు కూడా నిండని ఆ పార్టీకి 14.58 శాతం ఓట్లు, 58 సీట్లు వచ్చాయి. జుమా సొంత గడ్డ క్వాజులు-నేటాల్‌లో దాదాపు 45 శాతం ఓట్లు పట్టుకుపోయింది. అక్కడ ఏఎన్‌సీ 17 శాతం దగ్గర కూలబడింది.

ఇప్పుడు ఒక చిన్న కూడిక చేద్దాం. 2024లో ఏఎన్‌సీకి 40.18, ఎంకేకు 14.58, ఈఎఫ్‌ఎఫ్‌కు 9.52. మొత్తం 64.28 శాతం. 1994లో ఏఎన్‌సీకి ఒక్కదానికే వచ్చింది 62.65 శాతం. వాటా దాదాపు అంతే ఉంది! ఓటరు పాత ఇంటిని వదిలి ఎదుటి వాళ్ల ఇంటికి పోలేదు. ఇల్లే మూడు ముక్కలైంది.

ఇలా ఎందుకు జరిగింది? ఓటింగ్ పద్ధతి ఒక కారణం. మన దగ్గర నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లదే సీటు. అక్కడ అలా కాదు. ఓటు పార్టీకి వేస్తారు, దేశం మొత్తం మీద ఎంత శాతం ఓట్లో అంత శాతం సీట్లు. కనీసం ఇంత శాతం రావాలన్న గడప కూడా లేదు. కాబట్టి పెద్ద పార్టీలో అలిగి బయటికొచ్చిన నాయకుడు మట్టి కరవాల్సిన పన్లేదు, అయిదారు శాతం తెచ్చుకున్నా రెండు డజన్ల సీట్లు ఖాయం. ఇదే మన పద్ధతైతే చాలా చోట్ల మూడు ముక్కల కొట్లాటలో ఏఎన్‌సీయే మొదటి స్థానంలో ఉండి, 40 శాతం ఓట్లతోనే సభలో మెజారిటీ తెచ్చుకునే వీలుండేది.

రెండో కారణం పార్టీ జాబితా. అభ్యర్థుల పేర్లు, వాటి వరస ఆఫీసులో కూర్చున్న పెద్దలు నిర్ణయిస్తారు. జాబితాలో పైన ఉన్నవాడు గెలిచినట్టే. దాంతో పోటీ అంతా జనం దగ్గర కాకుండా పార్టీ లోపల జరుగుతుంది. లోపల ఓడిన వర్గానికి బయటికి పోవడం తప్ప దారి ఉండదు.

క్యూలో లేని వాళ్లు

పైన చేసిన కూడికలో ఒక లొసుగుంది. వాటా అంతే ఉన్నా ఓట్లు అంతే లేవు. 1994లో ఏఎన్‌సీకి కోటీ 22 లక్షల ఓట్లు పడ్డాయి. 2024లో 64 లక్షల 60 వేలు. మూడు పార్టీలవీ కలిపినా కోటీ 3 లక్షల పైచిలుకే. ఈ మధ్యలో దేశ జనాభా దాదాపు నాలుగు కోట్ల నుంచి ఆరు కోట్లు దాటింది.

పోలింగ్ శాతం చూడండి. పేర్లు నమోదైన వాళ్లలో 1999లో 89 శాతం ఓటేశారు. 2009లో 77, 2019లో 66, 2024లో 58.6. పేరే నమోదు చేయించుకోని యువకులు ఈ లెక్కలో అసలు లేరు. పని అడిగే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి అక్కడ ఉద్యోగం లేదు. 2022, 2023లలో రోజుకు గంటల తరబడి కరెంటు కోతలు. భారత్‌లోని సహారన్‌పూర్ నుంచి వెళ్లిన గుప్తా సోదరులు జుమా కాలంలో మంత్రి పదవుల దగ్గర్నుంచి కాంట్రాక్టుల దాకా ఎలా శాసించారో జోండో కమిషన్ సంపుటాల కొద్దీ రాసింది. ఇదంతా చూసి విసిగిన పాత ఏఎన్‌సీ ఓటరు వేరే పార్టీకి వేయడానికి మనసొప్పక, ఉన్న పార్టీకి వేయడానికీ చెయ్యి రాక ఇంట్లో కూర్చున్నాడు. పెద్ద పార్టీ నుంచి జనం మొదట అడుగు బయటపెట్టేది ఇలాగే. వేరే జెండా పట్టుకోవడం ఆ తర్వాతి మెట్టు.

జింబాబ్వే పోయిన దారి

పక్కనే ఉన్న జింబాబ్వేను చూస్తే దక్షిణాఫ్రికా ఏం తప్పించుకుందో తెలుస్తుంది. 1980లో అక్కడ మెజారిటీ పాలన వచ్చింది. 100 సీట్లలో 20 తెల్లవాళ్లకు విడిగా కేటాయించారు. ఆ 20కి 20 పాత యజమాని ఇయాన్ స్మిత్ పార్టీయే గెలుచుకుంది. విడి సీట్లు ఉన్నంతకాలం తెల్లవాళ్లు మిగతా పార్టీలతో కలవాల్సిన అవసరం రాలేదు, మిగతా పార్టీలకు వాళ్ల ఓట్లు అడిగే పనీ పడలేదు. 1987లో ఆ సీట్లు రద్దయ్యాయి.

మిగతా 80లో ముగాబే పార్టీకి 57, జాషువా ఎన్‌కోమో పార్టీకి 20. ఆ రెండూ ఆజాదీ కోసం పోరాడినవే. కానీ ఎన్‌కోమో బలంగా ఉన్న మటబెలేలాండ్‌లో 1983 నుంచి సైన్యం వేలమందిని చంపింది. చివరికి 1987 డిసెంబర్‌లో ఎన్‌కోమో పార్టీ ముగాబే పార్టీలో కలిసిపోయింది. దాన్ని ఐక్యత అన్నారు. కొత్త ప్రతిపక్షం కార్మిక సంఘాల నుంచి పుట్టడానికి 1999 దాకా పట్టింది. 2008 మొదటి రౌండులో మోర్గన్ స్వాంగిరాయ్ ముగాబే కంటే ముందున్నారు. రెండో రౌండుకు ముందు ఆయన మనుషుల మీద జరిగిన హింసకు ఆయన పోటీ నుంచే తప్పుకున్నారు.

రెండు చోట్లా పోరాడి గెలిచిన పార్టీలే, రెండు చోట్లా ‘దేశాన్ని విడిపించింది మేమే’ అన్న ధీమాయే. తేడా ఎక్కడొచ్చింది? దక్షిణాఫ్రికాలో ఓట్లు లెక్కించే కమిషన్, కోర్టులు, పత్రికలు, సంఘాలు తమ కాళ్ల మీద నిలబడ్డాయి. శిక్షపడ్డ జుమా పోటీ చేయడానికి వీల్లేదని 2024 మేలో రాజ్యాంగ న్యాయస్థానం చెబితే, అది అమలైంది. 40 శాతమే వచ్చిందని తెలిసిన రోజు ఏఎన్‌సీ ఫలితాన్ని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు చిన్న విషయం కాదు. ఆజాదీ తెచ్చిన పార్టీకి అసలు పరీక్ష మొదటి గెలుపులో కాదు, మొదటి ఓటమిలో ఉంటుంది.

చిన్న కౌమ్ ఎటు నిలబడాలి?

మన పాఠకులకు దగ్గరైన ప్రశ్న ఇది. దక్షిణాఫ్రికాలో ముస్లింలు వందకు ఇద్దరు కూడా లేరు. 1994లో ఆఫ్రికా ముస్లిం పార్టీ అని ఒకటి పోటీ చేసింది. 34 వేల చిల్లర ఓట్లు, 0.18 శాతం, సీటు సున్నా. 2019లో అల్ జమాఅహ్‌కు సరిగ్గా అదే 0.18 శాతం వచ్చింది. మిగులు ఓట్ల లెక్క ఈసారి కలిసొచ్చి ఒక సీటు దక్కింది. 2024లో 0.24 శాతంతో రెండు సీట్లు. దాని నాయకుడు గనీఫ్ హెండ్రిక్స్ ఇప్పుడు సామాజికాభివృద్ధి శాఖ డిప్యూటీ మంత్రి. అంతకుముందు 2023లో జొహన్నెస్‌బర్గ్ మేయర్ పదవి కూడా ఆ పార్టీకే వచ్చింది. అది బలం వల్ల కాదు, పెద్ద పార్టీలు ఒకరి మనిషిని ఇంకొకరు ఒప్పుకోక మధ్యలో చిన్నవాణ్ణి కూర్చోబెట్టడం వల్ల.

మన హైదరాబాద్‌లో మజ్లిస్ 7 సీట్లు గెలిచేది పాతబస్తీలో ఓట్లు ఒక్కచోట కుప్పగా ఉండటం వల్ల. అక్కడ చెల్లాచెదురుగా ఉన్నా దేశమంతటా ఓట్లు ఏరుకుంటే సరిపోతుంది. పద్ధతిని బట్టి చిన్న పార్టీ బతుకు మారుతుంది.

అయితే సీటు రావడం వేరు, పని జరగడం వేరు. ఒక ఉదాహరణ చాలు. దక్షిణాఫ్రికా చట్టం మౌల్వీ సాబ్ చదివిన నికాహ్‌ను పెళ్లిగా గుర్తించేది కాదు. తలాక్ అయితే భార్యకు ఆస్తిలో హక్కు అడగడానికి కోర్టు తలుపు తెరుచుకునేది కాదు. న్యాయశాఖ మంత్రి డుల్లా ఉమర్ దగ్గర్నుంచి విదేశాంగ మంత్రి నలెడీ పాండోర్ దాకా ఏఎన్‌సీ సర్కార్లలో ముస్లింలు పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నారు. 2003లో బిల్లు ముసాయిదా కూడా తయారైంది. ఉలమాల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదన్న సాకుతో అది బీరువాలో ఉండిపోయింది. చివరికి మహిళల హక్కుల సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. 2022 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఇది ముస్లిం స్త్రీల పట్ల, పిల్లల పట్ల వివక్షే అని తీర్పిచ్చింది. 2024లో విడాకుల చట్టం సవరించారు. ముస్లిం మంత్రులు చేయలేనిది, ముస్లిం పార్టీ చేయలేనిది, ఇంట్లోంచి వచ్చిన ఆడవాళ్లు చేయించుకున్నారు. నాయకత్వం అంటే కుర్చీ మాత్రమే అనుకునే వాళ్లు ఈ కథ ఒకసారి చదవాలి.

గాజా విషయం కూడా చూద్దాం. 2023 డిసెంబర్ 29న ఇజ్రాయెల్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతిహత్య కేసు వేసింది ఈ ఏఎన్‌సీ సర్కారే. లోకమంతా ముస్లింలు మెచ్చుకున్నారు. కానీ ఐదు నెలలకే వచ్చిన ఎన్నికల్లో ఆ మెప్పు పార్టీని కాపాడలేదు. కరెంటు లేని ఇంట్లో, ఉద్యోగం లేని కొడుకు పక్కన కూర్చున్న ఓటరు విదేశాంగ విధానం చూసి ఓటేయడు.

చీలికల వల్ల చిన్న కౌమ్‌లకు లాభమే కాదు, ప్రమాదమూ ఉంది. 2021 జులైలో కోర్టు ధిక్కారం కేసులో జుమాను జైలుకు పంపగానే క్వాజులు-నేటాల్ భగ్గుమంది. దుకాణాలు, గోదాములు లూటీ అయ్యాయి. 350 మందికి పైగా చనిపోయారు. డర్బన్ పక్కన భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో కొందరు ఆత్మరక్షణ పేరుతో దారులకు అడ్డం కట్టారు. అక్కడ 36 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. పుట్టింది ఏఎన్‌సీ లోపలి తగాదా, రక్తం పారింది ఇరుగుపొరుగుల మధ్య. తెలుగు, తమిళ, హిందీ, ఉర్దూ మూలాలున్న కుటుంబాలు అక్కడ ఆ గాయంతోనే బతుకుతున్నాయి. భయం ఎటువైపు నుంచైనా తుపాకీ పట్టిస్తుందన్నది వాళ్లు చూసిన సత్యం.

ఇక ముందు

పది పార్టీల కాపురం సాఫీగా ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో వ్యాట్‌ను 15 నుంచి 17 శాతానికి పెంచాలని ఆర్థిక మంత్రి అనుకుంటే భాగస్వాములు ఒప్పుకోక బడ్జెట్టే వాయిదా పడింది. తర్వాత అర శాతమైనా పెంచుదామన్నారు. డీఏ కోర్టుకెళ్లింది. ఏప్రిల్‌లో పెంపును పూర్తిగా ఉపసంహరించుకున్నారు. దీన్ని గందరగోళం అనొచ్చు. ఇంకో రకంగా చూస్తే, 30 ఏళ్లలో మొదటిసారి ఒక పన్ను పెంపు పార్టీ ఆఫీసులో కాక పార్లమెంటులో, జనం ముందు చర్చకొచ్చి ఆగింది. పేదవాడి రొట్టె మీద పడే భారం తగ్గింది.

క్వాజులు-నేటాల్ అసెంబ్లీలో లెక్క ఇంకా సన్నటి తీగ మీద ఉంది. 80 సీట్లలో 37 గెలిచిన ఎంకే ప్రతిపక్షంలో ఉంది. 2024లో ఇంకాథా, ఏఎన్‌సీ, డీఏ, ఒక్క సీటున్న ఎన్‌ఎఫ్‌పీ కలిసి 41 మందితో సర్కారు ఏర్పాటు చేశాయి. అంటే ఒక్క సీటున్న పార్టీ చెయ్యి వెనక్కి తీసుకుంటే హుకూమత్‌కు మెజారిటీ పోతుంది. చిన్నవాడికి ఇంత బలం ఉండటం మంచిదా చెడ్డదా అంటే, వాడు ఆ బలాన్ని జనం పనికి వాడుతున్నాడా, సొంత బేరానికి వాడుతున్నాడా అన్నదాని మీద ఉంటుంది.

రాబోయే స్థానిక ఎన్నికలు తర్వాతి పరీక్ష. 2016 నుంచి జొహన్నెస్‌బర్గ్ లాంటి నగరాల్లో సంకీర్ణాలు నడుస్తూనే ఉన్నాయి. మేయర్లు వస్తున్నారు, పోతున్నారు. గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి. కొళాయిలో నీళ్లు, వీధిలో దీపం తెచ్చిన సంకీర్ణాన్ని జనం భరిస్తారు. తేలేకపోతే, ‘ఒకే గట్టి నాయకుడు కావాలి’ అనే గొంతు పెద్దదవుతుంది. ఆ గొంతు కోసం ఎదురుచూసే వాళ్లు అక్కడా ఉన్నారు.

మెజారిటీ పాలన అంటే ఒకే పార్టీ పాలన అని మొదట అందరూ అనుకున్నారు. గెలిచినవాళ్లూ అదే అనుకున్నారు, భయపడ్డవాళ్లూ అదే అనుకున్నారు. 30 ఏళ్లలో తేలింది ఏమిటంటే, మెజారిటీ అనేది ఒక ముద్ద కాదు. అందులో ఊరోడు, పట్నపోడు, జులూ, ఖోసా, ఉద్యోగం ఉన్నోడు, లేనోడు అందరూ ఉన్నారు. చాలాకాలం ఒకే జెండా కింద నిలబడ్డా, చివరికి ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవడానికి వేరుపడతారు. అప్పుడే చిన్న కౌమ్‌లకు కూడా భయపడి ఒక మూలకు చేరడం కాకుండా, నలుగురితో మాట్లాడి పని చేయించుకునే దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో నడవాలంటే కోర్టు నిలబడాలి, ఓట్ల లెక్క సరిగ్గా ఉండాలి, పొరుగువాడి మీద నమ్మకం మిగలాలి. దక్షిణాఫ్రికాలో మొదటి రెండూ ఇప్పటికి నిలిచాయి. మూడోది ఫీనిక్స్ లాంటి చోట్ల మళ్లీ కట్టుకోవాలి, అది ఏ పార్టీ జాబితాలోనూ రాదు.